పెట్టె చెప్పిన మాట

ఢిల్లీ కంటోన్మెంటులో సుబేదారుగా పనిచేసే అప్పలస్వామికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ, ఆయన దాన్ని పెద్దగా వాడటం మానేశాడు. భార్య పైడమ్మ రోజూ వేళ్లకు నూనె రాసి చెయ్యి ఎత్తమనేది. చెయ్యి ఒళ్లో అలాగే పడి ఉండేది.

"మీరు మనసెట్టి సేత్తే కదా కదిలీది," అనేది. చేతిమీది కోపం మనిషిమీద చూపించేది. విజయనగరం నుంచి చూడవచ్చిన చుట్టాలూ అదే పాట పాడి వెళ్లారు.

తొంభయ్యారు వేసవిలో మిలిటరీ ఆసుపత్రికి పెట్టెలాంటి కొత్త మెషీను వచ్చింది. పైకి కదలిక కనిపించకపోయినా, లోపల కండరం కాస్త బిగిస్తే చాలు, అది కూత పెడుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన ముంజేతికి తీగలు అంటించి, "కోషిష్ కీజియే, అంకుల్," అని ప్రయత్నించమంది.

చెయ్యి కదల్లేదు. పెట్టె మాత్రం కుయ్యిమంది. ఆయన వదిలేస్తే ఆగింది, మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ కూసింది.

పైడమ్మ పెట్టెవైపు, ఆ చేతివైపు చూసింది. "ఇంటికాడా ఇలాగే సేసీవోరా?"

"రోజూ," అన్నాడాయన.

ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు ఇంకా అందుకోలేదు. ఫ్యాను నెమ్మదించింది, పెట్టె మూగబోయింది. బల్లమీద చెయ్యి ఎప్పటిలాగే ఉంది.

"నాను ఆపనేదు," అన్నాడు అప్పలస్వామి.

"తెలుసు," అంది పైడమ్మ.