మూడో తీగ

ఏడేళ్ళుగా ఒక చావు బరువు మోస్తున్నాను. చావు ఒక్కటే అయితే ఈపాటికి ఎలాగో సర్దుకుపోయేవాణ్ణేమో. దాని వెనక ఇంకో మనిషి బతుకు కూడా ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. అంతకన్నా ధైర్యం నాకు లేదు.

నేను దేవరకొండలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. దగ్గరి పల్లెలో నాకు మూడెకరాల బత్తాయి తోట, ఒక బోరు ఉన్నాయి. ఊళ్ళో ఏ మోటారు కాలినా, ఏ స్టార్టరు మొండికేసినా నన్నే అడిగేవాళ్ళు. సారుకు తెలుస్తుంది అనేవాళ్ళు. నిజమే, తెలుసు. తెలియకుండా చేసిన తప్పయితే ఇంత రాయవలసిన పని లేదు.

మూడు ఫేజుల కరెంటు ఒక్కసారిగా ఎగసి ఒక్కసారిగా దిగదు. ఒకదాని వెనక ఒకటి వస్తుంది. ఆ ఎడాన్ని దశాకోణం అంటాం. మోటారును తిప్పేది ఆ ఎడమే. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. అప్పుడు మా రైతులు కండెన్సర్ తగిలిస్తారు. కండెన్సర్‌లో కరెంటు వోల్టేజీ కంటే ముందు నడుస్తుంది. ఆ ముందడుగుతో, లేని మూడో ఫేజు ఉన్నట్టే మోటారును నమ్మించవచ్చు. అయితే తిరగడం మొదలయ్యాక మోటారు ఊరుకోదు. తెగిన మూడో తీగలోకి తానే కరెంటు పంపుతుంది. అందుకే కండెన్సర్ పెట్టేముందు స్టార్టరు దగ్గర మూడో తీగ విప్పి పక్కన పెట్టాలి. ఈ మాట ఎంతమందికి చెప్పానో.

ఆ వేసవిలో ఒక పొద్దున గాలిదుమారానికి లైను తీగ ఒకటి తెగి మా తోట అవతల వేలాడుతోంది. నేను చూశాను. లైన్‌మన్ సెలవులో ఉన్నాడు, రేపటిదాకా ఎవరూ రారనుకున్నాను. బత్తాయి పిందెలు రాలుతున్నాయి. కండెన్సర్ పెట్టాను. మూడో తీగను బిగించిన మరమేకు తుప్పుపట్టి కదల్లేదు, పెద్ద స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉంది. గంటసేపే కదా అనుకున్నాను. ఎందుకు అనుకున్నాను? నాకు తెలిసిన శాస్త్రం నాకు వర్తించదనా? మోటారు ఆన్ చేసి చెట్ల పాదుల దగ్గరికి వెళ్ళాను.

పక్క చేను లింగయ్య ఊరుకునే మనిషి కాదు. కూరగాయలకు నీళ్ళు కావాలని సలీంను వెంటబెట్టుకుని వచ్చాడట. సలీం ఊరి కరెంటు పనులు చేసేవాడు. మొత్తం కరెంటు ఆపే ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి ఏనాటినుంచో పనిచేయదు. అలాంటప్పుడు మా దగ్గర అందరూ చేసేదే అతనూ చేశాడు. తెగిన తీగ ఫ్యూజు ఒక్కటి తీసి, ఊరి చివరి ఇళ్ళ ఫ్యాన్లు ఆగకుండా మిగతా రెండూ ఉంచాడు. తీగ అతికించడానికని లింగయ్య పోయి వేలాడే కొస పట్టుకున్నాడు.

నాకు కేక వినిపించింది. ఆ వెంటనే నా మోటారు ఆగిపోయింది. గాబరాలో సలీం మిగతా రెండు ఫ్యూజులూ పీకేశాడు. అవి పోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ఆ తీగలో కరెంటు లేదు. లింగయ్య కింద పడ్డాడు. ఆ నిశ్శబ్దంలో నాకు మొత్తం అర్థమైంది. ముందు కండెన్సర్ విప్పి యూరియా సంచిలో చుట్టాను. తర్వాత పరిగెత్తాను. ఈ వరస మీరు గుర్తుంచుకోవాలి. నేను మరిచిపోలేకపోతున్నాను.

దవాఖానకు తీసుకుపోయే దారిలోనే లింగయ్య ప్రాణం పోయింది. మిగతా రెండు ఫ్యూజులు తీశాకే చేయి వదిలింది గనుక, సలీం మొదట వేరే ఫ్యూజు తీశాడని ఊరు తేల్చింది. మూడోరోజు సలీం మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నేను సరైన ఫ్యూజే పీకిన. ఒకటికి రెండుసార్లు సూసుకున్న. మరి గా తీగలోపటికి కరెంటు ఎట్లొచ్చింది? మీకెరుక ఉంటది. జర చెప్పుండ్రి."

"ఏమో సలీం. తొందరల పక్కది పీకినవేమో."

"గట్లంటరా సార్."

అంతే అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఊరంతా అన్నా అతను ఒప్పుకోలేదు. నేను అన్నందుకు ఒప్పుకున్నాడు. తప్పించుకోవడానికి అన్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాదు. అతను నమ్మాలని అన్నాను. నమ్ముతాడని తెలిసే అన్నాను. ఆ నెలలోనే అతను కుటుంబంతో ఊరు విడిచాడు.

పోయిన నెల కొండమల్లేపల్లి బస్టాండు దగ్గర కనిపించాడు. పండ్ల బండి పెట్టుకున్నాడు. కరెంటు పని మానేశాడు, ఇంట్లో బల్బు కూడా భార్యే మారుస్తుందట. నన్ను చూసి దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా చెప్పాడు.

"మీరన్నదే నిజం సార్. ఇప్పుడు యాదికొస్తాంది. నా చెయ్యి పక్క ఫ్యూజు మీదికి పోయినట్టు కండ్లకు కనవడతాంది."

జరగని సంగతి అతని కళ్ళకు కనబడుతోంది. దాన్ని అక్కడ నాటింది నేను. అప్పుడైనా నోరు తెరవవలసింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. సలీం తీసింది సరైన ఫ్యూజే. ఆ తీగలోకి కరెంటు వెళ్ళింది నా మోటారు నుంచి. ఈ రెండు ముక్కలు ఇంతవరకు నేను ఎక్కడా రాయలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. ఈ పూట కూడా సలీం, లింగయ్యను తానే చంపాననుకుంటూ బండి దగ్గర నిలబడి ఉంటాడు.