కులానికి ఒక తండ్రి, జీతానికి ఒక తండ్రి

1994లో నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో సీనియర్ అసిస్టెంట్‌ని. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే సీటు నాది. దరఖాస్తుకు కులం సర్టిఫికెట్ ఒకటి, ఇంటి ఏడాది ఆదాయం ఇంత అని రెవెన్యూవాళ్లు ఇచ్చే ఇన్‌కం సర్టిఫికెట్ ఒకటి తప్పనిసరి. ఈ రెండో కాగితం పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది ఫస్టియర్‌లో సుజాత అనే పిల్ల చేరింది. బట్టలు ఇస్త్రీ చేసే తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి అనసూయ కొన్నాళ్లకు ఒక కరెంటు లైన్‌మన్‌ని మళ్లీ పెళ్లి చేసుకుని అంబర్‌పేట వెళ్లింది. ఆయనకు మొదటి భార్య పిల్లలు ఇద్దరు, మంచం పట్టిన తల్లి. సుజాత అశోక్‌నగర్‌లో అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆ ముసలామె ఇళ్లలో అంట్లు తోమి మనవరాలిని పెంచింది. స్కాలర్‌షిప్ రాకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

దరఖాస్తు తిరిగొచ్చింది. తల్లి భర్త జీతం కూడా కలపాలట. కలిపితే పరిమితి దాటిపోతుంది. నేను ఊరుకోలేక భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకుని సంక్షేమ ఆఫీసుకు వెళ్లాను.

ఆయన పాపం తల దించుకుని చెప్పాడు. "సార్, నా జీతం నా ఇంటికే సాలుతలేదు. ఆ పిల్లకు ఒక్క పుస్తకం గూడ కొనియ్యలే. సిగ్గయితది గని నిజం గదే. రాసియ్యమంటే రాసిస్త."

ఆఫీసరు తలెత్తలేదు. "తల్లి మొగుడంటే తండ్రే కదమ్మా. రూలు."

నాకు కోపం నషాళానికంటింది. "అయితే కులం సర్టిఫికెట్‌లోనూ ఈయన పేరే రాయించమంటారా?"

"అదెలా కుదురుతుంది? కులం కన్నతండ్రిదే రావాలి."

"కులానికి చచ్చిపోయినాయన కావాలి, జీతానికి బతికున్నాయన కావాలి. మరి పిల్లకు అన్నం పెట్టే అమ్మమ్మ మీ లెక్కలో ఎక్కడా లేదా?"

"పిల్ల తల్లి ఈయనతో ఉన్నంతకాలం ఇంతేనండి. విడిగా ఉంటే చెప్పండి, చూద్దాం" అని ఫైలు మూసేశాడు.

ఆ మాటను నేను అక్కడే వదిలేసి వచ్చాను. అనసూయ వదల్లేదు. కొద్దిరోజులకు నా టేబుల్ ముందు నిలబడింది.

"ఇగ అమ్మ దగ్గర్నే ఉంటున్న మేడం. మళ్ల పంపుండ్రి."

"ఏమైంది? కొట్టాడా?"

"అయ్యో, లేదు మేడం. మంచోడు. నేను ఎల్లివస్తుంటే ఏడ్సిండు. మంచంల ఉన్న మా అత్తకు ఇప్పుడు ఎవరు నీళ్లు పోస్తరో ఏమో. గని నా బిడ్డ సదువు ఆగొద్దు."

ఆమె చెప్పింది నిజమో కాదో చూడటానికి ఎంక్వయిరీకి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అశోక్‌నగర్‌లోని ఆ ఒంటి గదిలో దండెం మీద మగవాళ్ల బట్టలున్నాయా అని వెతికాడట, గుమ్మం ముందు ఎవరి చెప్పులున్నాయో చూశాడట. సిగ్గుండాలి! ఏమీ దొరకలేదు గనక స్కాలర్‌షిప్ మంజూరైంది.

చదువు ఉన్నన్నాళ్లూ ఏటా రెన్యువల్, ఏటా మళ్లీ అదే ఎంక్వయిరీ. సుజాత డిగ్రీ అయ్యేదాకా అనసూయ అంబర్‌పేట గడప తొక్కలేదు. అప్పటికి ఆ ఇల్లు ఆమె లేకుండా బతకడం అలవాటు చేసుకుంది. ఒక పిల్లకు ఫీజు ఇవ్వడానికి మనవాళ్లు చక్కగా సాగుతున్న కాపురాన్ని కూల్చారు.

ఆ కేసు తర్వాత నా ముందుకొచ్చిన ప్రతి తల్లినీ మొదట ఒకటే అడిగేదాన్ని, ఈ పిల్లకు అన్నం ఎవరు పెడుతున్నారని. అందరూ చెప్పేవాళ్లు. ఆ జవాబు రాయడానికి దరఖాస్తులో జాగా మాత్రం నేను రిటైరయ్యేదాకా రాలేదు.