కార్డు మీద రెండో పేరు

1980. దక్షిణ ఢిల్లీలో ఒక కాలేజీ లైబ్రరీలో నేను అసిస్టెంటుని. ప్రతి పుస్తకం వెనక జేబులో బుక్ కార్డు ఉండేది. పుస్తకం తీసుకున్నవాళ్లు దాని మీద పేరు రాసి తేదీ వేస్తే, తిరిగొచ్చేదాకా ఆ కార్డు మా ట్రేలో ఉండేది. ఏ లెక్చరర్ మనసు ఎటుందో మాకు తెలిసినంతగా ప్రిన్సిపాల్‌కి కూడా తెలీదు. హిస్టరీ మేడమ్‌కి పక్షులు, సంస్కృతం సారుకి క్రికెట్.

ఫిజిక్స్ వెంకటరత్నం గారిది ఏలూరు. పాఠం చెప్పేది కాంతి గురించి, పట్టుకెళ్లేవి చెవి గురించిన పుస్తకాలు. గడువు దాటినా తెచ్చేవారు కాదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. సబ్జెక్టు కాని పుస్తకాలు ఇతరులకు అందకుండా చేస్తున్నారని ప్రిన్సిపాల్‌కి నోట్ రాసి పారేశాను.

ఆ నెలలోనే ఆయన స్టడీ లీవ్, అంటే జీతంతో పరిశోధన చేసుకునే సెలవు, అడిగారు. వినపడని పిల్లలకు మాట నేర్పడం ఆయన అంశం. కమిటీ ముందుకి వెళ్లొచ్చిన మర్నాడు పుస్తకాలన్నీ తెచ్చి నా ముందు పెట్టారు.

"ఈ ఆసక్తి ఎప్పట్నుంచి అని అడిగారమ్మా. మీ నోటు చదివి వినిపించారు. సరదాలకి సెలవివ్వం అన్నారు. శుక్రవారం తేల్చేస్తారు."

నాకు మొహం చెల్లలేదు. "చెవి గురించే ఎందుకండీ?"

"మా పాపకి వినపడదు. పదకొండేళ్లు."

"ఆ మాట చెప్పాల్సింది కదండీ."

"చెబితే జాలిపడి ఇస్తారు. పని చూసి ఇవ్వాలి కదమ్మా."

ఆయన వెళ్లాక ట్రేలోంచి ఆ పుస్తకాల కార్డులు తీశాను. రోజూ చేతిలో పడేవే, గడువు తేదీ తప్ప పై వరసలు ఏనాడూ చదవలేదు. మొదటి తేదీ 1973. అక్కణ్నుంచి వరసగా ఆయన పేరే. ఇంకొకరి పేరు ఒక్క కార్డు మీదా లేదు. ఎవరికీ అందకుండా పోయిందేమీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్రవారం పొద్దున్నే తొమ్మిది కార్డులూ ప్రిన్సిపాల్ బల్ల మీద పరిచాను. "ఎప్పట్నుంచి అని అడిగారట సార్. ఇవి చూడండి. నా నోటు తప్పు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివారు. "అచ్ఛా, సాత్ సాల్ సే" అన్నారు, ఏడేళ్ల నుంచా అన్నట్టు. పాప సంగతి నేను ఎత్తలేదు. సెలవు మంజూరైంది.

ఎవరి మీదైనా ఫిర్యాదు రాసేముందు కార్డు మొదటి వరస నుంచి చదవాలని అప్పుడు నేర్చుకున్నాను. 1987లో, కొత్తగా కాలేజీలో చేరిన అమ్మాయి ఒకతె, చెవికి మిషనుతో, ఆ తొమ్మిదింట్లోదే ఒక పుస్తకం కౌంటర్ మీద పెట్టింది. కార్డు అందించాను. తండ్రి పేరు కింద తన పేరు రాసి, "థాంక్యూ, ఆంటీ" అంది, నిదానంగా, స్పష్టంగా. ఆ కార్డు మీద అది రెండో పేరు.