ఫోను అడిగింది ఎవరి నొప్పి?

గంగులమ్మది శాంతిపురం దగ్గర పల్లె. పెళ్లయిన నాటి నుంచీ భర్త శివప్పతో పాటు గొర్రెలు మేపుకుంటూ బతికింది. 2008 ఎండాకాలంలో ఒకరోజు, మంద నుంచి తప్పిన గొర్రెపిల్లను పట్టుకోబోయి శివప్ప పాడుబడిన గ్రానైటు క్వారీ గుంతలో పడ్డాడు. తొడ ఎముక విరిగింది. కొడుకు గిరిబాబు బెంగళూరు నుంచి వచ్చి తండ్రిని కుప్పం వైపున్న ఒక పెద్దాసుపత్రిలో చేర్పించాడు. ఆపరేషన్ చేసి కాలికి రాడ్డు వేశారు. గొర్రెలను పొరుగింటి పాపన్నకు అప్పజెప్పి, గంగులమ్మ భర్త మంచం పక్కనే చాప వేసుకుంది.

రోగుల నొప్పిని ఫోను ద్వారా తెలుసుకునే పరిశోధన ఒకటి ఆ ఆసుపత్రిలో అప్పుడే మొదలైంది. శివప్పను అందులో చేర్చుకుంటామని డాక్టరు వరదరాజులు వివరంగా చెబితే తండ్రీకొడుకులు సరేనన్నారు. గంగులమ్మ ఆ సమయంలో గుడ్డలు ఉతకడానికి వెళ్లింది. మరునాడు గిరిబాబు పనికి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రేఖ అనే నర్సు ఒక సెల్‌ఫోను, చేతి గడియారం లాంటి పట్టీ ఒకటి తెచ్చింది. పట్టీకి ముళ్లు లేవు, అంకెలు లేవు. శివప్ప మందు మత్తులో ఉన్నాడు. రెండు చేతులకూ సూదులు గుచ్చిన వాపు ఉంది. రేఖ వాటిని గంగులమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇది దినానికి మూడుసార్లు మోగుతాది. ఎత్తితే నొప్పి ఎంత అని అడుగుతాది. లేకుంటే సున్నా, తట్టుకోలేనంత ఉంటే తొమ్మిది. మధ్యలో ఎంతుంటే అంత నొక్కు. ఈ పట్టీ వాపు తగ్గినాక కట్టాల. కదలికలు లెక్కపెడతాది."

"వాపు తగ్గినాక" అన్న మాట గంగులమ్మకు వినపడలేదు. పక్క మంచం వాళ్లు గట్టిగా మాట్లాడుతున్నారు. ఫోను తన చేతికిచ్చారు కాబట్టి పట్టీ కూడా తనకే అనుకొని మణికట్టుకు కట్టుకొని, గాజులు దాని మీదికి లాక్కుంది.

మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. ఒక ఆడగొంతు తెలుగులో మర్యాదగా అడిగింది: "ఇప్పుడు మీకు నొప్పి ఎంత ఉంది?"

గంగులమ్మ ఫోనును చెవి నుంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగేళ్లుగా ఆమెకు కుడి డొక్కలో నొప్పి వస్తోంది. వస్తే వీపు దాకా పాకుతుంది. ఇంట్లో సంగటి తిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఇక్కడ క్యాంటీనులో పూరీలు, వడలు తినడం మొదలయ్యాక రోజూ వస్తోంది. ఆ సంగతి ఈ ఫోనుకు ఎట్లా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు కూడా డొక్క మెలిపెడుతోంది. ఎనిమిది నొక్కింది.

అరగంటకు డ్యూటీ నర్సు వచ్చి శివప్పకు నొప్పి తగ్గే సూది వేసి వెళ్లింది.

మరునాడు తొమ్మిది నొక్కింది. మళ్లీ శివప్పకే సూది. ఆయన కళ్లు సగం తెరిచి, "నాకంత నొప్పేమీ లేదే, యాల ఇన్ని సూదులు గుచ్చతాండారు?" అన్నాడు. ఆ మాటకు గంగులమ్మ మరింత తికమకపడింది. మొగుడూ పెళ్లాలు కాబట్టి ఒకరి మందు ఇంకొకరికి ఎక్కించవచ్చునేమో, ఆసుపత్రి పద్ధతి అదేనేమో అనుకుంది. అయితే తన నొప్పి మాత్రం తగ్గలేదు.

ఐదోరోజు వరదరాజులు, రేఖ కంప్యూటరు ముందు కూర్చొని తలలు పట్టుకున్నారు. శివప్ప పేరు కింద పొద్దున ఒకటి, మధ్యాహ్నం తొమ్మిది, సాయంత్రం నాలుగు. అన్నం తిన్నాక కాలు నొప్పి ఎందుకు పెరుగుతుంది? పైగా పట్టీ లెక్క ప్రకారం ఆయన రోజుకు నాలుగు వేల అడుగులు నడుస్తున్నాడు. రాడ్డు వేసిన మనిషి ఇంకా మంచం దిగలేదు.

ఇద్దరూ వార్డుకు వచ్చారు. వాళ్లు నోరు తెరవక ముందే గంగులమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఒక మాట అడగల్లని ఉండాను. నాకు నొప్పైతే ఆయనకు యాల సూది ఏస్తాండారు?"

రేఖ ఆమె గాజులు పైకి తోసి చూసింది. పట్టీ అక్కడ ఉంది.

"నీకు నొప్పా? యాడమ్మా?"

"ఈడ, డొక్కలో. తప్పు చేసినానా? ఫోను నన్నే కదమ్మా అడిగింది."

"తప్పు నాది. ముసలాయన్ను అడిగి నొక్కమని సరిగ్గా చెప్పలేదు," అంది రేఖ.

ఆ సాయంత్రమే స్కానింగు చేయించారు. పిత్తాశయం నిండా రాళ్లు. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. శివప్పకు అదనపు సూదులు ఆపేశారు. మత్తు దిగాక ఆయనకు విషయమంతా చెబితే భార్య వైపు తిరిగాడు.

"నాలుగేండ్లుగా ఉండాదా? నాకు చెప్పలేదే."

"చెప్పినాను. అమరావతి పెండ్లినాడు చెప్పినాను. సోడా తాగమన్నావు."

శివప్పకు మేనకోడలు అమరావతి పెళ్లి గుర్తుంది. పందిరి, వాన గుర్తున్నాయి, వచ్చిన చుట్టాలు గుర్తున్నారు. సోడా మాట ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

ఆ ఐదురోజుల అంకెలను పరిశోధన నుంచి కొట్టేస్తామని వరదరాజులు చెప్పాడు. గంగులమ్మకు అది అర్థం కాలేదు.

"అబద్ధం నొక్కలేదు గదయ్యా. యాల కొట్టేస్తారు?"

అది శివప్ప కాలు గురించిన లెక్క అనబోయి డాక్టరు ఆగాడు. తర్వాత ఆ అంకెలన్నీ తేదీలతో సహా ఆమె కేసు కాగితంలో స్వయంగా రాశాడు.

వారానికి గంగులమ్మకు ఆపరేషన్ అయింది. ఆమె ఆడవాళ్ల వార్డులో, ఆయన మగవాళ్ల వార్డులో. రేఖ ఇప్పుడు ఫోనును శివప్ప చేతికే ఇచ్చింది. మొదటిసారి మోగినప్పుడు ఆయన ఏమీ నొక్కలేదు. "దీన్ని ముందు ఆమెకాడికి తీస్కపో, నాది తర్వాత చెప్తాను," అన్నాడు. ఆమె నొప్పి చూడడానికి వేరే డాక్టర్లున్నారని రేఖ నచ్చజెప్పింది. అప్పుడు మూడు నొక్కాడు. అది కాలిదో కాదో తనకే సరిగా తెలియలేదు.

ఇద్దరూ ఒకే జీపులో ఊరికి వచ్చారు. గొర్రెలను పాపన్నే ఇంకో రెండు నెలలు మేపాడు. గంగులమ్మకు మళ్లీ డొక్క నొప్పి రాలేదు. అయినా ఆమె తింటున్నప్పుడు శివప్ప ముఖంలోకి చూస్తూ కూర్చునేవాడు.

"ఏమట్లా సూస్తాండావు?" అని ఆమె అడిగితే, "ఏమీ లేదు, తిను," అనేవాడు.