సెరెండిపిటీ చొక్కాలు

టైలర్ బాబాయికి పిచ్చి ఒక్కటే. ఛాతీ కొలత తీసుకుంటూ, టేపు వదలకుండా, ఎదుటి మనిషి చేత కొరుకుడుపడని ఇంగ్లీషు మాట ఒకటి పలికించాలి. అర్థం కూడా చెప్పించాలి. ఒంటి చుట్టూ టేపు ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?

"దీన్నెలా పలకాలి సార్?" అని ఇంగ్లీషు పేపర్లో చూసి గోడమీద సుద్దతో రాసింది చూపించేవాడు.

"ఎపిటమీ," అన్నాడు బ్యాంకు గుమస్తా. "ఒక గుణానికి నిలువెత్తు రూపం. మొండితనానికి మీరున్నారే, అలాగ."

"ఇంకోసారి. గట్టిగా."

పెద్ద మాటకు పెద్ద ఊపిరి కావాలి. ఛాతీ పొంగేది. ఆ పొంగునే బాబాయి కొలతగా రాసుకునేవాడు. అందుకే ఆ వీధిలో మగవాళ్ల చొక్కాలన్నీ తెరచాపల్లా గాలికి ఊగుతూ పోయేవి. సెరెండిపిటీ అడిగిన వారం కుట్టినవాటిలో ఇద్దరేసి పట్టేవారు.

"నా చొక్కాలో మా బావమరిది కూడా దూరాడయ్యా," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"మాటలు కట్టిపెట్టి కొలవకూడదూ? ఊరందరికీ గుడారాలు కుట్టిస్తున్నారు నాచేత," అనేది మిషన్ దగ్గర పిన్ని.

"ఉతికితే బిగుస్తాయిలేవే."

తెర వెనక కాజాలు కుట్టే అన్నకూతురికి సిగ్గుతో తల వాలిపోయేది. తండ్రి జబ్బుపడ్డప్పుడు ఆమె చదువు ఆగింది. నలుగురి ముందు గొంతు పెగలదు. మధ్యాహ్నపు వెలుగు తెరలోంచి పసుపుగా దిగేది, అందులో సుద్దపొడి తేలేది. విన్న మాటలూ ఆ పొడితోపాటు తేలుతున్నట్టుండేవి. ఎఫెమరల్, కాసేపుండి పోయేది. లూమినస్, మెత్తగా వెలిగేది. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదిలేవి.

ఇప్పుడు మళ్లీ బడిలో చేరాలని ఆశ. చేర్చుకోవాలంటే ముగ్గురు టీచర్ల ముందు ఇంగ్లీషు పాఠం పైకి చదవాలి, అర్థాలు చెప్పాలి. అది రేపే.

ఆ పూట టేపులో నిలబడి పోస్ట్‌మ్యాన్ విసుక్కున్నాడు. "నాన్‌షలాంట్. ఏమీ పట్టనట్టుండటం. మొన్ననే చెప్పానుగా."

"నా బుర్రలో నిలవదు. మళ్లీ చెప్పు. కాస్త తెరవైపు తిరుగు."

తెరవైపా? ఆమె సూది ఆగింది. మిషన్ చప్పుడూ లేదు. మాట పలికించిన ప్రతిసారీ, ఇన్ని సణుగుళ్ల పిన్నీ పెడల్ మీద కాలు ఆపేస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు ఒక మాట చూపించి, దీన్నెలా పలకాలి బాబాయ్ అని అడిగింది. నాకేం తెలుసు తల్లీ అన్నాడాయన. ఆమె సిగ్గుపడి అడగడం మానేసింది. ఆ మర్నాటినుంచి ఆయన మొదలుపెట్టాడు.

"తల్లీ, ఇటు రా," అని పిలిచాడు బాబాయి. "రేపటికి కొత్త డ్రెస్సు. మీ పిన్ని కొలుస్తుంది."

బెంచీమీద పోస్ట్‌మ్యాన్, గుమస్తా, పాలాయన. సరిగ్గా ముగ్గురు. పిన్ని టేపు చుట్టింది. బాబాయి గోడమీద రాశాడు.

ఆమె గోడవైపు చూసింది. ఊపిరి పీల్చుకుంది.

"సెరెండిపిటీ. వెతక్కుండానే మంచిది ఎదురుపడటం."

"ఇంకోసారి," అన్నారు బెంచీమీదివాళ్లు.

మర్నాడు టీచర్ల ముందు డ్రెస్సు నిండేదాకా ఊపిరి పీల్చి, ఆమె చదివింది. చేర్చుకున్నారు.

"ఇటివ్వు, రెండువైపులా కుట్టు వేసి బిగిస్తాను," అంది పిన్ని.

"ఉండనీ పిన్నీ. ఇంకా పెద్ద మాటలున్నాయట."