వారానికో జాన

మా తమ్ముడు చొక్కా వేసుకోవడం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ముందు ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుంటాడు. పసిపిల్ల చేతిని గౌనులోకి దూర్చినట్టు దాన్ని చొక్కాలోకి దూరుస్తాడు. కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే మిగతా చొక్కా. ముప్పై నాలుగేళ్లు జనాల కార్లకు మెరుగు పెట్టిన చెయ్యి అది. ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు.

వీధిలో అందరూ వాణ్ని పాలిష్ బాబాయ్ అంటారు. మా పై వాటాలోనే కాపురం. మెట్లెక్కే చప్పుడును బట్టి ఆ రోజు వాడికి ఎంత పని పడిందో నేను చెప్పేస్తాను. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగితే మామూలు రోజు. ఐదో మెట్టు దగ్గరే ఆగితే మంచినీళ్ల చెంబు పట్టుకుని నేనే ఎదురెళ్తాను.

ఈ రెండేళ్లుగా వాడి చేతి కింద ఉన్నది ఒకటే కారు. దాని యజమాని టైల్స్ షోరూము ఓనరు. ఆ కారు కోసం షోరూము కింద సెల్లార్‌లో విడిగా ఒక గది కట్టించాడు. ఫ్యాను లేని మనుషులు పైన ఉంటే, కింద కారుకు ఏసీ పెట్టించాడు. కంపెనీవాళ్లు అలాంటివి లోకం మొత్తానికి మూడు వందలే చేశారట. డబ్బు ఉన్నంత మాత్రాన ఇవ్వరట. మనిషి ఎలాంటివాడో వాకబు చేసి, నచ్చితేనే ఇస్తారట.

"అద్దెకు దిగేవాళ్లను ఆరా తీసినట్టుంది కదరా!" అన్నాను నేను.

"అంతకంటే ఎక్కువక్కా. కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. రెండేళ్ల దాకా ఎవరికీ అమ్మకూడదు, ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఇచ్చాడని తెలిస్తే గడువు ఇంకో ఏడాది పెంచుతారు. మళ్లీ జన్మలో వాళ్ల కారు ఇవ్వరు."

"కొనుక్కున్నాక అమ్ముకోవద్దనడానికి వాళ్లెవరు? నా మిక్సీ నేను ఎవరికి ఇచ్చుకుంటే షాపువాడికెందుకు?"

"నీ మిక్సీ ఎవరడిగారక్కా," అని వాడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆ యజమాని భారీ మనిషి. కారేమో నేలకు అంటుకుపోయినంత ఎత్తు. అందులో కూర్చోవాలంటే చాప మీద కూర్చున్నట్టు కూలబడాలి. లేవాలంటే ఇంకొకరు చెయ్యి అందించాలి. రెండేళ్లలో పదకొండుసార్లు నడిపాడు. పన్నెండోసారి నడుము పట్టేసి మధ్యలోనే వెనక్కి వచ్చేశాడు. అక్కడితో సరి.

నడవని కారుకు పనేముంటుందని నేనూ అనుకునేదాన్ని. నడిచేదానికంటే నిలబడిందానికే చాకిరీ ఎక్కువని వాణ్ని చూశాకే తెలిసింది. ఒకే చోట నిలబెడితే చక్రం నేలకు ఆనిన చోట చదునైపోతుందట. అందుకని వారానికి ఒకసారి కారును జానెడు ముందుకు తోసి, ఆగిన చోట గుర్తుకు సుద్ద గీత గియ్యాలి. గోడ దాకా వెళ్లాక మళ్లీ వారానికి జాన చొప్పున వెనక్కి. ఇంజను వేసి జరపొచ్చు కదా అంటే, ఊరికే వేసి ఆపితే ఇంజనుకు మంచిది కాదట. కాబట్టి భుజం పెట్టి తొయ్యాల్సిందే. ఆపైన నాలుగు చక్రాల గాలి చూడాలి. బ్యాటరీ తీగ చూడాలి. దుమ్ము లేకపోయినా తుడవాలి. తుడిచే గుడ్డలు పన్నెండు, వెన్న లాంటివి. వాటిని విడిగా ఉతికి మా డాబా మీద ఆరేస్తాడు. ఎదురింటామె వాటిని చూసి, "ఏమిటండీ, మీ ఇంట్లో ఎవరు పురుడు పోసుకున్నారు?" అని నన్ను అడిగింది.

కారుతోపాటు కంపెనీవాళ్లు ఒక పుస్తకం ఇచ్చారు. వారానికో వరుస. తేదీ, చక్రాల గాలి, కారు ఎంత దూరం తిరిగింది, ఏమైనా విశేషాలు. చివర సంతకం. ఆ పుస్తకం మీద వాడికి ఎంత మురిపెమో! ముప్పై నాలుగేళ్లలో వాడి సంతకం ఎవరూ అడగలేదు మరి. ఆదివారం మధ్యాహ్నం చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరనిచ్చి అప్పుడు పెన్ను తీసేవాడు. "నాకు రాసిన ఉత్తరాలకు కూడా ఇంత శుభ్రంగా కూర్చోలేదు వదినా," అని మా మరదలు దెప్పేది.

ఇంత చాకిరీ వాడు ఒక కుర్చీ కోసం చేశాడు. షోరూము గేటు దగ్గర సరుకు చీటీల మీద ముద్ర వేసే పని ఒకటుంది. చేతులానించుకునే కుర్చీ, గుండ్రంగా తిరుగుతుంది. అందులో కూర్చునే పెద్దాయన త్వరలో మానేస్తున్నాడు. "గడువు తీరి కారు అమ్మేసిన రోజు ఆ కుర్చీ నీదే," అని యజమాని మాటిచ్చాడు. ఒకసారి ఆ పెద్దాయన టీ తాగడానికి వెళ్తే మా వాడు అందులో కూర్చుని చూశాడట. "వీపు మొత్తం ఆనుతుందక్కా," అని చెప్పాడు. అంత చిన్న మాట చెప్పడానికి రెండుసార్లు ఆగాడు.

ఇంకో రెండు నెలల్లో గడువు తీరుతుందనగా ఎవరో వచ్చి కారుకు రెట్టింపు ధర ఇస్తానన్నాడు. కానీ ఆగలేనన్నాడు. యజమానికి కాళ్లు నిలవలేదు. కాగితాలు గడువు తీరాక మార్చుకుందాం, కారు ముందే తీసుకెళ్లమన్నాడు. తీసుకెళ్లాడు. ఐదు వారాలు ఆ ఏసీ గదిలో ఖాళీ నేల, దాని మీద సుద్ద గీతలు తప్ప ఏమీ లేవు.

ఆరో వారంలో కంపెనీ మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. కొన్నాయన దగ్గర్నుంచి కారు ఒక్క రోజుకు వెనక్కి తెప్పించాడు యజమాని. మా తమ్ముణ్ని పిలిచి, "ఆ ఐదు వారాలూ పుస్తకంలో నింపెయ్. దూరం అంకెలు ఇదిగో చీటీ మీద రాశాను, నేనే తిప్పానని చెప్తాను. మిగతావి నువ్వే చూసుకో," అన్నాడట.

ఆదివారం మధ్యాహ్నం వాడు పుస్తకం పట్టుకుని మా గదిలో కూర్చున్నాడు. అరగంటయినా ఒక్క అంకె వెయ్యలేదు.

"ఏమైందిరా?"

"లేని చక్రంలో గాలి ఎంతుందని రాయనక్కా?"

"నోటికొచ్చింది రాయరా."

"రావడం లేదు."

నిజంగానే రావడం లేదు వాడికి. ముఖం వాడిపోయింది. చూడలేక నేనే ఉపాయం చెప్పాను. పోయినేడు ఇవే ఐదు వారాల్లో ఎంతుందో అదే ఎత్తి రాయమన్నాను. ఎండలు అవే, చక్రాలు అవే, గాలి మాత్రం ఎక్కడికి పోతుంది? నేను పాత పేజీ చదువుతానన్నాను, వాడు రాస్తానన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పై వాటాలోకి కొత్తవాళ్లు దిగుతున్నారు. లారీ వచ్చి ఆగింది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను లారీ మీద. మంచాలు రెండు, బీరువా ఒకటి, మూడు సూట్‌కేసులు. మనుషులు ఇద్దరే, సూట్‌కేసులు మూడెందుకో! నా నోరు చదువుతోంది, వాడి చెయ్యి రాస్తోంది. జాన జరిపాను. బ్యాటరీ బాగుంది. జాన జరిపాను. ఇద్దరికీ నిద్ర ముంచుకొస్తోంది. ఐదు వరుసలూ నిండాయి. వాడు సంతకాలు పెట్టి, పెన్ను మూత పెట్టి, అక్కడే నేల మీద పడుకుని నిద్రపోయాడు.

కంపెనీ మనిషి వచ్చిన రోజు క్యారేజీ మా మరదలు తీసుకెళ్లాలి. నేను తీసుకెళ్లాను. అంత దూరం నుంచి కారు చూడ్డానికి వచ్చే మనిషిని నేను చూడకపోతే ఎలా?

నలభై అయిదేళ్లుంటాయి. కళ్ల కింద సంచులు. బూట్లు బిగుతై కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. కారు చుట్టూ తిరిగాడు. ఫొటోలు తీశాడు. బాగానే ఉందన్నాడు. యజమాని ఇకిలిస్తూ, "పుస్తకం చూడండి సార్, వారం వారం ఎంత పద్ధతిగా రాశాడో," అని తనే అందించాడు.

కంపెనీ మనిషి నిలబడే చదివాడు. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"రెండు వారాల క్రితం నేను ఇక్కడికి వచ్చానా?"

యజమాని పుస్తకంలోకి తొంగి చూశాడు.

"'కంపెనీ మనిషి వచ్చి చూసి వెళ్లాడు, కారు బాగుందన్నాడు' అని రాసుంది," అన్నాడాయన.

పోయినేడు ఆయన వచ్చిన వారం అది. ఆ వరుసలో ఉన్న ఆయన రాక కూడా నేను చదివేశాను, వాడు రాసేశాడు. అప్పుడు నేను మూడో సూట్‌కేసు లెక్కపెడుతున్నాను.

యజమాని గొంతు సర్దుకున్నాడు. "మీ కంపెనీ నుంచి ఇంకెవరో వచ్చుంటారు సార్."

"ఈ చుట్టుపక్కల పది ఊళ్లకూ నేనొక్కణ్నేనండీ," అని ఆయన మా తమ్ముడి వైపు చూశాడు. చూపులో కోపం లేదు. "పోయినేటి పేజీ చూసి ఏమైనా పొరపాటు రాశారా? అలసిపోయినప్పుడు నాకూ అవుతుంది. అలాగైతే చెప్పండి, కొట్టేసి సంతకం పెడదాం."

తలుపు తెరిచి, పక్కకు తప్పుకుని, రమ్మన్నట్టే ఉంది ఆ మాట. అవునండీ అంటే చాలు. ఇంకో రెండు మూడు వారాల్లో వీపు మొత్తం ఆనే కుర్చీ. యజమాని కళ్లు ఇంతింత చేసి చూస్తున్నాడు. అను, అవునను అని లోపల్లోపల అంటూనే ఉన్నాను.

మా తమ్ముడు చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు.

"ఐదు వారాలు కారు ఇక్కడ లేదండీ," అన్నాడు.

యజమాని ఏదో అనబోయి, ఫోను తీసుకుని దడదడా మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. కంపెనీ మనిషి అక్కడున్న రంగు డబ్బా మీద కూర్చుని బూటు విప్పుకున్నాడు. పాదం బూరెలా వాచి ఉంది.

నా నోరు ఊరుకోలేదు. "ఏం బాబూ, అమ్ముకుంటే మీకేం నష్టం? డబ్బు మీకు ముందే ముట్టింది కదా!"

"మూడు వందల కార్లకు రెండు వేలమంది అడిగారమ్మా. అందులో నిజంగా నడుపుకుందామని ఆశపడ్డవాళ్లున్నారు. వాళ్లను కాదని ఇంకొకరికి ఇస్తే, ఆయన మర్నాడే రెట్టింపుకు అమ్ముకున్నాడనుకోండి. ఆ ఆశపడ్డవాళ్లకు మేమేం చెప్పాలి?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మొదటిసారి. అయినా అడిగాను. "మరి ఈయన నడపనూ లేదు కదా? అమ్మకూడదని రాయించుకున్నారు, నడపాలని ఎందుకు రాయించుకోలేదు?"

ఆయన పాదం ఒత్తుకుంటూ, "అలా రాస్తే ఎవరూ సంతకం పెట్టరమ్మా," అన్నాడు.

"రెండేళ్లు ఆగమని చెప్పడం తేలికే బాబూ. మీ కాగితం ఆపింది ఆయన్ని. తోసింది మా వాడు. ఆ భుజం చూడండి ఒకసారి."

"అక్కా, నీ నోటికి దణ్ణం," అన్నాడు మా తమ్ముడు. ఆయన మాత్రం చూశాడు. చూసి, తల వంచుకుని బూటు తొడుక్కున్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

దార్లో అడిగాను. "ఎందుకురా చెప్పావు? ఆయనే దారి చూపించాడు కదా?"

"ఓపిక లేదక్కా. ఒక అబద్ధం చెప్తే దానికి ఇంకో నాలుగు గుర్తుపెట్టుకోవాలి. అంత బరువు ఇప్పుడు మొయ్యలేను."

నేను లారీ సంగతి చెప్పాను. సూట్‌కేసుల సంగతీ చెప్పాను. వాడు వింటూ నడిచాడు. మా గుమ్మం దగ్గరికి వచ్చాక, "ఇంతకీ మూడోదాంట్లో ఏముందట?" అన్నాడు. వాళ్లమ్మాయి పాత పుస్తకాలట అని చెప్పాను. ఆ రోజు మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

పది రోజులకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గడువు ఇంకో ఏడాది పెంచారు. కొంటానన్నవాడు తప్పుకున్నాడు, కారు సెల్లార్‌లోనే ఉండిపోయింది. మా వాడి ఉద్యోగం పోయిందనే అనుకున్నాం. యజమాని పిలిచి తిట్టనైనా తిట్టలేదట. "నిన్ను తీసేస్తే ఈ జాన లెక్కలు కొత్తవాడికి ఎవరు నేర్పుతారు? కారు ఉన్నన్నాళ్లూ నువ్వూ ఉండాల్సిందే," అన్నాడట. గేటు దగ్గర కుర్చీలో ఆయన బావమరిది కూర్చున్నాడు.

"తిట్టుంటే బాగుండేదక్కా," అన్నాడు వాడు.

"మానెయ్యరా."

"మానేసి? ఈ భుజం చూసి ఎవరు పెట్టుకుంటారు?"

తర్వాతి వారం మా వరండాలోని చేతుల కుర్చీని రిక్షాలో వేయించుకుని ఆ సెల్లార్‌కు తీసుకెళ్లాను. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కారుకు గీసుకుంటుందక్కా," అని గోడ మూలకు జరిపాడు. దాని మీద గుడ్డలు పెట్టుకున్నాడు. పన్నెండు.

తర్వాత ఎడమ భుజం కారుకు ఆనించి తోశాడు. ఇప్పుడు ఎడమదే వాడుతున్నాడు. సుద్దతో కొత్త గీత గీసి, చేతులు కడుక్కుని, ఆరాక పుస్తకం తెరిచాడు. ఏం రాస్తున్నాడోనని నేను వాడి వెనక నిలబడి తొంగి చూశాను. తేదీ వేశాడు. నాలుగు చక్రాల గాలి రాశాడు. విశేషాలు రాసే చోట పెన్ను కాసేపు ఆగింది.

"కారు ఉంది. జాన జరిపాను. భుజం నొప్పి." అని రాసి, కింద సంతకం పెట్టాడు.