మీ తాత ఏటి తినీవోడు?

పైడిరాజు మామ ఎవరినీ “బాగున్నారా?” అని పలకరించడు. “మీ తాత ఏటి తినీవోడు?” అంటాడు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆయనకు కొట్టుంది. ఇల్లు మా పక్కనే. ఒక పెద్ద డాక్టరుగారి ఉపన్యాసం విన్నాక ఆయనకు ఈ జబ్బు పట్టుకుంది. మన జన్యువులు మారకపోయినా వాటి స్విచ్చులు మారవచ్చుననీ, పెద్దలు పడ్డ కరువు మనవల ఒంట్లో జాడ వదలవచ్చుననీ డాక్టరుగారు చెప్పారట. ఇంటికొచ్చే దారిలో మామ ఆ ‘వచ్చు’లన్నీ జారవిడిచేశాడు.

ఓసారి రాములు టిఫిన్ కొట్లో పక్కబల్ల మీది పెద్దమనిషిని చూసి కేకేశాడు.

“ఒరే రాములూ, ఆయన అట్టుకి నూనె తగ్గించు. ఆళ్ల తాత గంజి తాగి బతికేడు.”

“మా తాత రైల్వే క్యాంటీన్లో వంటవాడండీ! మిగిలిందంతా ఆయనే తినేవాడు.”

మామ క్షణం ఆలోచించాడు. “అయితే నూనె అసలెయ్యకురా!”

చుట్టాలమ్మాయి పెళ్లిచూపుల్లోనూ అంతే. పెళ్లికొడుకుని జీతం అడగలేదు, ముత్తాత భోజనం అడిగాడు. ఆ కుర్రాడు తెల్లబోయి, “గూగుల్ చేసి చెప్తానండీ” అన్నాడు.

మా ఆవిడ లావణ్య కడుపుతో ఉన్నప్పుడు పరీక్షలో షుగర్ ఉందని తేలింది. మా అమ్మ అప్పలనర్సమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

“మాడుగుల హల్వా డబ్బాలకి డబ్బాలు లాగించీసింది! లోపలున్న పిల్లకేటైనా అయితే?”

లావణ్య హడలిపోయి, డాక్టరమ్మ తినమన్నవి కూడా మానేసింది. ముద్ద ఎత్తితే అమ్మ చూపు, దించితే నా గోల. మనిషి నీరసించిపోయింది.

అలాంటి వేళ మామ దిగబడ్డాడు. నేను నుదురు కొట్టుకున్నాను.

“మీ నాయనమ్మ ఏటి తినీదమ్మా?”

“మా ఊరు ఎస్.రాయవరంలో కూలికెళ్లేది బాబాయ్. గంజే. అదైనా ఉన్ననాడు.”

“మరదే! ఆకలెరిగిన వొళ్లు తల్లీ నీది. దొరికిన గింజ దాసుకోడం నేర్సుకుంది. అందులో నీ తప్పేటుంది?”

అందులో సైన్సెంతో నాకు తెలియదు. లావణ్య మాత్రం చాలా రోజుల తర్వాత తలెత్తింది.

మామ నన్ను చూపిస్తూ అమ్మవైపు తిరిగాడు. “అప్పా, నానాజీ నీ కడుపులో ఉన్నప్పుడు నువ్వేటి తిన్నావు?”

“నాకేటి లోటు? మా అత్త సేపల పులుసు ముందే తీసి దాసీది. నేను తినీదాకా ఎదురుగా కూకుని...”

అమ్మ లావణ్య ముఖం చూసింది. వంటింట్లోకి వెళ్లి, డాక్టరమ్మ చెప్పినట్టే కాస్త అన్నం, పప్పు, నిండా ఆకుకూర పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

“తినమ్మా. నానింక ఏటీ అనను.”

మామ పైకప్పుకేసి చూస్తూ, ఏమీ ఎరగనట్టు మీసం సవరించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు, ఈయన ప్రశ్నలన్నీ పిచ్చివి కావని.

తిన్నాక నడవమని డాక్టరమ్మ చెప్పింది. మర్నాటి నుంచి లావణ్యకు తోడు అమ్మ, వాళ్ల వెనక రొప్పుతూ మామ. పక్క వీధికైనా ఆటో ఎక్కే మనిషి!

పాప క్షేమంగా పుట్టింది. లావణ్య షుగర్ కూడా దిగింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం మామ ఆశగా అడిగాడు.

“ఇంక నడక ఆపీదామా అప్పా?”

అమ్మ చెప్పులేసుకుంటూ అంది: “నోర్మూసుకుని నడు తమ్ముడూ. నీ లెక్కనే, పుట్టబోయే రెండో మనవరాలికి ఇప్పట్నుంచే అలవాటుండాల!”